చెయ్యి తియ్యమనేదాకా

మొన్న ఒక కుర్ర డాక్టరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పెద్ద పట్నంలో సర్జనట. దెబ్బలు తగిలి, రక్తాలు కారుతూ వచ్చేవాళ్లకు ఆపరేషన్లు చేసే డాక్టర్లు ఆ పనిలో ఎక్కువ కాలం ఎందుకు నిలవడం లేదో తెలుసుకోవాలని ఊరూరూ తిరుగుతున్నాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఆ రోజుల్లో, ఆ పల్లెల్లో, అన్నేళ్లు ఎలా భరించారు మేడమ్?"

నాకు ఒళ్లు మండింది. తలనొప్పిని భరిస్తాం. పక్కింటివాళ్ల రేడియోను భరిస్తాం. నేను కోరి పట్టుకున్న పనిని, ఎవరు లాక్కోబోయినా వదలని పనిని, భరించానని ఇతనెవరు చెప్పడానికి? ఆ మాటే అన్నాను. పాపం, బిత్తరపోయాడు. మళ్లీ కాఫీ పోయాల్సి వచ్చింది.

అతని తప్పేం లేదు. నేను రిటైరైన రోజు కూడా ఇదే గోల. శాలువా కప్పి, దండ వేసి, మైకు ముందు ఒకరి తర్వాత ఒకరు త్యాగం, త్యాగం అని ఊదరగొట్టారు. నేను ఏం త్యాగం చేశానో ఒక్కరూ చెప్పలేదు. చివరికి నా వంతు వచ్చినప్పుడు, "నాకు ఇష్టమైంది చేశాను, జీతం కూడా తీసుకున్నాను, ఇక కూర్చోండి" అన్నాను. సభ నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

మాది రాయచూరు. ముత్తాతల నుంచీ అక్కడే. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, బడిలో కన్నడం. హైదరాబాదులో డాక్టరీ చదివి వచ్చాను. ఆడది డాక్టరీ చదివితే పురుళ్లు పొయ్యాలి, అది అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు మాట్లాడేవాళ్లు. నాకేమో కత్తి పట్టుకోవడం ఇష్టం. పురుళ్లూ పోశాను, అవసరమైతే ఎప్పుడూ కాదనలేదు. కానీ పాలిపోయిన మొహంతో, పెదవులు తెల్లబడి వచ్చిన మనిషికి నా చేతుల కింద మళ్లీ రంగు తేలుతుంటే నాకు కలిగే సంతోషం వేరు. అందులో గర్వం కూడా ఉంది. ఉండకూడదా?

మా అమ్మకు మాత్రం ఇది తలవంపులు.

"ఏందే నువ్వు, గిట్ల కసాయోని లెక్క కాళ్లు చేతులు కోస్కుంట కూసుంటవా?" అనేది. "పురుళ్లు పోస్కో, పుణ్యమన్న వస్తది. నిన్ను జూసి ఎవడు లగ్గం జేస్కుంటడే?"

"జేస్కోకుంటె మానె" అనేదాన్ని నేను.

అమ్మ రొట్టెల పిండిని నా వీపనుకుని గట్టిగా కొట్టేది. అయినా రొట్టె మాత్రం ముందు నాకే వేసేది.

నన్ను వేసింది సింధనూరు వైపు, కాలువ కింద ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి. తుంగభద్ర నీళ్లు వచ్చి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. అంతకుముందు జొన్నలు పండిన నల్లరేగడిలో కోస్తా నుంచి వచ్చిన రైతులు వరి నాటుతున్నారు. వాళ్లుండే చోట్లను క్యాంపులనేవారు. ఇళ్లు లేచాయి, మిల్లులు లేచాయి, సిమెంటు గోడల మీద పిడకలు లేచాయి, అయినా పేరు మాత్రం క్యాంపే. రైతులూ మిల్లుల వాళ్లూ కలిసి కట్టించి సర్కారుకు అప్పజెప్పిన నాలుగు గదులే మా ఆసుపత్రి. నాకు ముందు వచ్చిన సర్జన్లంతా తెచ్చిన పెట్టె పూర్తిగా విప్పకుండానే వెళ్లిపోయారని మా కాంపౌండరు మొదటిరోజే చెప్పాడు. నేను ఎంత విప్పుతానో చూద్దామన్నట్టు నా ట్రంకుపెట్టె వైపు చూశాడు. అతని ఎదురుగానే మొత్తం విప్పి, చీరలు దండెం మీద వేసి, ఖాళీ పెట్టెను మంచం కిందికి తోశాను.

నీళ్లు వచ్చిన చోటికి దెబ్బలూ వచ్చాయి. మిల్లు బెల్టు పట్టి లాగిన చేతులు, గడ్డివాము మీంచి జారిపడి విరిగిన నడుములు, దమ్ములో కొత్త నాగలి కర్రు దిగిన పాదాలు. వీటికి నేను భయపడలేదు. నన్ను ఏడిపించింది పలుపుతాడు.

వరిమళ్లలో పాములెక్కువ. పాము కరిస్తే కాటుకు పైన గట్టిగా కట్టాలని అందరికీ తెలుసు. విషం పైకి ఎక్కకూడదని కట్టే ఆ కట్టునే రక్తం కారే దెబ్బకూ కట్టేవాళ్లు. చేతికి అందేది ఎద్దు పలుపే కాబట్టి దానితోనే, ఎద్దు కూడా తెంపుకోలేనంత గట్టిగా. కట్టి, బండి ఎక్కించి, బురదలో పడుతూ లేస్తూ ఏ సాయంత్రానికో నా దగ్గరికి తెచ్చేవాళ్లు. దెబ్బ చూస్తే చిన్నది. చెయ్యి చూస్తే చల్లగా, నల్లగా, ఆ మనిషిది కాదన్నట్టు పడి ఉండేది.

ఒక మిల్లు కూలీ అలాగే వచ్చాడు. ముంజేతి మీద గాయం. కుట్లు వేస్తే సరిపోయేది. పొద్దున కట్టిన తాడు. మోచేతి కింద ఇక ఏమీ మిగల్లేదు. తీసేయాలని చెప్పినప్పుడు అతను ఏడవలేదు, ఆశ్చర్యపోయాడు.

"అంత మంచిగ కట్టిన్రు గదమ్మా" అన్నాడు.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఉంది. అతని మీద కాదు, తాడు మీద. నేను చదివిన చదువంతా ఆ తాడు ముందు ఎందుకూ కొరగానిదైపోతోంది.

అందుకే మిల్లులు తిరగడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ ఊళ్లమ్మట తిరుగుతోందని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మొదట్లో పటాలు గీసి రక్తనాళాల గురించి చెప్పాను. ఆవులించారు. ఒకరోజు మిల్లులో వడ్ల బస్తాకు చిల్లు పడి గింజలు జలజలా కారుతుంటే, ఒక హమాలీ మాట్లాడుతూ మాట్లాడుతూనే అరచేత్తో ఆ చిల్లును అదిమిపట్టి, ఇంకో చేత్తో గుడ్డపీలిక కోసం తడుముకోవడం చూశాను. ఇక పటాలు చుట్టి పక్కన పెట్టేశాను.

అప్పటి నుంచి ఏ మిల్లుకు వెళ్లినా ఒక బస్తాకు నేనే కత్తితో చిల్లు పెట్టేదాన్ని. మిల్లు యజమానులు గుడ్లురిమేవాళ్లు.

"గింజలు పోతున్నాయి. ఏం చేస్తారు? బస్తా నడుముకు తాడు కడతారా, చిల్లు మీద చెయ్యి పెడతారా?"

"చెయ్యి పెడతాం."

"మరి మనిషికెందుకు తాడు? గుడ్డ మడిచి దెబ్బ మీదే పెట్టండి. చేత్తో అదమండి. వదలకండి."

ఒకసారి వడ్లు ఆడించుకోవడానికి క్యాంపు నుంచి వచ్చిన ఒకావిడ, బస్తాల మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని, నా మాట మధ్యలోనే అందుకుంది. కోస్తా మనిషి. గొంతు మిల్లు చప్పుడును దాటి వినిపించింది.

"చెప్పడానికి బాగానే ఉందండీ. అట్టా ఎంతసేపు పట్టుకునుండాలంట?"

"ఆసుపత్రికి వచ్చి, నేను చెయ్యి తియ్యమనేదాకా."

"మరి చేతులు లాగవూ?"

"లాగుతాయి."

"బాగుందమ్మా వరస" అని పక్కనావిడ వైపు తిరిగి నవ్వింది. అందరూ నవ్వారు. నేను చిల్లుపడ్డ బస్తాను వదిలేసి వచ్చాను. దాని గింజలు ఎవరు ఎత్తారో తెలియదు.

పల్లెలు ఒక్కసారి మారవు. కొందరు విన్నారు, కొందరు తాడే కట్టారు. నేను కోపం తెచ్చుకుంటూనే ఉన్నాను, తిరుగుతూనే ఉన్నాను. అలా ఉండగా, వానలు వెనకబట్టాక ఒక పొద్దున జిల్లా పెద్ద డాక్టరు జీపులో దిగాడు. నన్ను బదిలీ చేశారని ముందే కబురు తెలుసు. దూరంగా ఒక పెద్ద ఊరి ఆసుపత్రిలో, పురుళ్ల విభాగంలో, పై హోదాలో. ఆయన స్వయంగా తీసుకుపోవడానికి వచ్చాడు. నాకు మేలు చేశాననే ఆయన నమ్మకం. ఆయనా హైదరాబాదు చదువే. ఒకప్పుడు మంచి సర్జనట. తర్వాత ఆఫీసు కుర్చీలోకి వెళ్లిపోయాడు.

"చానా కష్టపడ్డవు బేటీ. ఇగ చాలు" అన్నాడు.

"నేను కష్టపడుతున్నానని మీకెవరు చెప్పారు సార్?"

"మొండితనం జేయకు. గీ బురదల, గీ నాలుగు గదుల్ల, ఏముంది నీకు?"

"నా పనుంది."

"నా పని, నా పని అంటవు. చేతులు చచ్చినంక వస్తున్నయి, నువ్వు కోసి పడేస్తున్నవు. నువ్వే రాసి పంపినవు గదా, తాళ్లు కట్టి తెస్తున్రని. ఇన్నేండ్లు తిరిగినవు. ఆగిందా?"

ఆ మాట తగిలింది. ముందు వారమే ఒక కాలు అలాగే వచ్చింది.

"నేను పోతే నా జాగాలో ఎవరొస్తారు?" అన్నాను.

"ఎవరో ఒకరు వస్తరు."

"ఎవరు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంటే ఎవరూ రారని. కాంపౌండరు నా వైపు చూడకుండా నా ట్రంకుపెట్టెను జీపు వెనక పెట్టించాడు. దాన్ని సర్దింది నేను కాదు, అతనే. నేను ఒక్క చీర కూడా మడవలేదు. బదిలీ ఆర్డరుకు ఎదురు చెప్పే దారి తెలియక, కుర్చీలో కూర్చుని గోడను చూస్తూ కోపంతో ఉడికిపోతున్నాను.

కాలువగట్టు వైపు నుంచి ట్రాక్టరు చప్పుడు వినబడింది.

కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు. తొందరలో అతనికి మూడు భాషలూ ఒకేసారి వచ్చేవి.

"జల్ది రాండ్రి డాక్టరమ్మా! ఎద్దు పొడ్సిందంట. బాళ రక్తం పోయింది, హాలత్ బాగ లేదు!"

ట్రాలీలో గడ్డి మీద ఒక మగమనిషి పడుకుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఆయన మీదికి వంగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తొడ మొదట్లో, గజ్జ దగ్గర, మడిచిన పంచె ముక్కను అదిమిపట్టి ఒక ఆడమనిషి. చీరంతా రక్తం. జుట్టు విడిపోయి మొహం మీద పడింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. మిల్లులో నవ్విన ఆవిడే.

"మా ఆయనండీ. పొద్దున్నే కట్టు విప్పుతుంటే కుమ్మేసిందండీ. మా బావగారు తాడు కడతానన్నాడు, నేను కట్టనివ్వలేదండీ. మీరు తియ్యమనేదాకా తియ్యొద్దన్నారుగా."

ట్రాలీలో ఒక మూల పలుపుతాడు చుట్టలా పడి ఉంది.

నేను పాదం పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడి, మెల్లగా, చాలా మెల్లగా ఎర్రబడింది. బతికి ఉన్న కాలు.

పెద్ద డాక్టరు నా వెనకే వచ్చాడు. "రాయచూరుకు పంపు బేటీ. నువ్వు పొద్దుగాలనే రిలీవైనవు. గిది ఇప్పుడు నీ కేసు గాదు."

"ఆ దారిలో మొదటి గుంట దాటేలోపే పోతాడు సార్. నా కేసే."

"ఏదన్న అయితే నీ మీదికొస్తది."

"రానివ్వండి. ఏమీ చేయకుండా చచ్చిపోతే కూడా నా మీదికే రావాలి." తర్వాత ఆవిడతో చెప్పాను. "చెయ్యి తియ్యకమ్మా. అలాగే లోపలికి రా."

స్ట్రెచరుతో పాటు ఆవిడా వంగి వంగి నడిచింది. ఆపరేషను గదిలోకి బయటి మనుషులు రాకూడదని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లు ఆ ట్రాలీని చూసి ఉండరు. ఆవిడ చేతుల మీదే మందు పోసి చుట్టూ కడిగాను. వెంట వచ్చిన ఆవిడ బావగారి రక్తం రోగికి సరిపోతుందో లేదో చూసి తీయడానికి కాంపౌండరు వెళ్లాలి. ఈథరు చుక్కలు వేసి మత్తివ్వడానికి మనిషి లేడు. నేను తలెత్తి పెద్ద డాక్టరు వైపు చూశాను. అడగలేదు. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, కోటు విప్పి తలుపుకు తగిలించి, వచ్చి రోగి తల దగ్గర కూర్చున్నాడు.

ఆవిడ చేతులకు పైన కోసి, లోపలి పెద్ద రక్తనాళాన్ని వెతికి, పట్టీ చుట్టి బిగించాను. అంతసేపూ ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని, గోడ వైపు చూస్తూ ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఇప్పుడు తియ్యి" అన్నాను.

"నిజంగా తియ్యమంటారా?"

"తియ్యి."

తీయలేకపోయింది. చేతులు ఆమె మాట వినడం లేదు. నేనే ఆ మణికట్లు పట్టుకుని పైకి లేపాను. రక్తం చిమ్మలేదు. ఆవిడను బయటికి పంపించి, చీలిన చోట సన్నని పట్టుదారంతో కుట్టాను. పట్టీ వదులు చేశాను. అందరం ఆ పాదం వైపే చూస్తున్నాం.

"రంగు వస్తున్నది" అన్నాడు పెద్ద డాక్టరు. "బేటీ, చూడు, రంగు వస్తున్నది."

నేను చూస్తూనే ఉన్నాను. నాకు పాడాలనిపించింది. నాకు పాటలు రావు కాబట్టి కాంపౌండరు మీద అరిచాను, సెలైను సీసా మార్చమని.

గదిలోంచి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పెద్ద డాక్టరు కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ఈథర్ వాసన మరిచే పోయిన" అన్నాడు. "నేనెందుకు ఇడ్సిపెట్టిననో ఇప్పుడు యాదికొస్తలేదు."

"నేను విడిచిపెట్టను సార్. ఆర్డరు రద్దు చేయించండి. చేయించకపోతే రాజీనామా ఇస్తాను. ఇచ్చి ఇదే రోడ్డు మీద ఒక గది తీసుకుని ఇదే పని చేస్తాను. అప్పుడు నన్నెవరు బదిలీ చేస్తారో చూస్తాను."

ఆయన తువ్వాలు కోసం చుట్టూ చూశాడు.

వరండాలో ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భర్త బతికాడని కాంపౌండరు చెప్పాడట, ఏడ్చిన గుర్తులు మొహం మీద ఉన్నాయి. రెండు చేతులూ ఒళ్లో పడి ఉన్నాయి, వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. కొయ్యబారిపోయాయి. గోరువెచ్చని నీళ్లు గిన్నెలో తెప్పించి, ఆవిడ పక్కన కింద కూర్చున్నాను. ఒక్కొక్క వేలే నీళ్లలో రుద్దుతూ విప్పడం మొదలుపెట్టాను.

"మధ్యలో ఓసారి వదిలేద్దామనిపించిందండీ" అంది. "బండి కాలువ దగ్గర ఆగిపోయినప్పుడు. మళ్లీ అనుకున్నాను, ఇంకాస్త పోతే ఆవిడ ఉంటుందిగా అని. ఎదర ఎవరో ఉన్నారంటేనే కదండీ పట్టుకునుండేది. ఎవరూ లేరంటే ఎవరు పట్టుకుంటారు? ఓ తాడు కట్టేసి చేతులు దులుపుకుంటారు."

పెద్ద డాక్టరు పొద్దున అడిగినదానికి నేను వెతుక్కున్న జవాబు అది. నేను చెప్పలేకపోయాను, ఈవిడ చెప్పేసింది. ఆయన రెండు అడుగుల దూరంలో నిలబడి వింటున్నాడు.

అప్పుడు ఆవిడ చూపు వాకిట్లో ఉన్న జీపు మీద పడింది. అందులో ట్రంకుపెట్టె. నా మొహం చూసింది. మళ్లీ పెట్టెను చూసింది.

"వెళ్లిపోతున్నారాండీ?"

నేను మాట్లాడేలోపే, నా చేతిలోంచి తన వేళ్లు వెనక్కి లాక్కుంది.

"మరి రేపట్నుంచీ తియ్యమని ఎవరు చెప్తారండీ?"

నేను లేచాను. రక్తం మరకల గౌనుతోనే వాకిట్లోకి నడిచాను. డ్రైవరు బీడీ పారేసి లేవబోతుంటే వద్దన్నాను. పెట్టె ఒకవైపు పిడి పట్టుకుని జీపులోంచి లాగాను. ఇనప పెట్టె, బరువుగా ఉంది, సగం గాల్లోకి వచ్చి ఆగింది.

రెండోవైపు పిడిని పెద్ద డాక్టరు పట్టుకున్నాడు.